మా బావ, గెట్టు మీది వట్టివేరు

మా బావ పోయాడు. పోయిన మంగళవారం పొద్దున కోదాడ దవాఖానలో ప్రాణం విడిచాడు. మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, నాయిన పాయె" అన్నాడు. అప్పుడు నేను బర్రెకు గడ్డి వేస్తున్నాను. ఎడమ మోచెయ్యి పట్టుకుని కొట్టం గుమ్మంలో కూర్చున్నాను. ఆ చెయ్యి పదిహేనేళ్లుగా నిటారుగా సాగదు. విరగ్గొట్టింది మా బావే. పార కర్రతో, ఒక్క దెబ్బ.

పోయిన మనిషిని గురించి రాసేవాళ్లు మెత్తగా రాస్తారు. నాకు అట్లా రాయడం రాదు, రాస్తే మా బావకు నచ్చదు కూడా. ఆయన మా అక్క మొగుడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. చెయ్యి ముందు, మాట వెనక. ఎద్దు మీద కర్ర ఎత్తలేదు, మా అక్క మీద చెయ్యెత్తలేదు. మగవాడు ఎదురొస్తే మాత్రం అవతల ఎవరని చూసేవాడు కాదు. నేనూ ఆయనకేం తీసిపోను. మా ఊరు హుజూర్‌నగర్‌కూ కోదాడకూ నడుమ ఉంటుంది. మా కొట్లాటల ముచ్చట ఆ రెండు ఊళ్ల బస్సుల్లో చెప్పుకునేవాళ్లు.

మా బావ జేబులో ఎప్పుడూ వేలెడంత సీసా ఉండేది. అందులో వట్టివేరు నూనె. తేనెలాగా చిక్కన, కాస్త ఎరుపు. కొట్లాటకు పోయేముందు ఒక చుక్క తీసి చెవి వెనక రాసుకునేవాడు. పెళ్లికి రాసుకోడు, పండుగకు రాసుకోడు. పంచాయితీకో, ఠాణాకో, ఒకడి మీదికో పోయేటప్పుడే.

"ఎందుకు బావా గది?" అని ఒకసారి అడిగాను.

"తలకాయ సల్లగుంటది బామ్మర్ది. లేకుంటే మనుషులు సస్తరు."

ఆయన తల చల్లబడడం నేనైతే ఎన్నడూ చూడలేదు. కానీ ఆ వాసన ఊరందరికీ గుర్తే. తొలి చినుకులు పడ్డ మట్టి వాసన, దాని అడుగున కొంచెం పొగ, ఇంకా అడుగున ఏదో తీపి. ఎక్కడైనా ఆ వాసన వస్తే మనిషికి ప్రాణం చల్లబడుతుంది. మా ఊళ్లో తలుపులు వేసుకునేవాళ్లు.

ఇంట్లో వాడకం మళ్లీ ఇంకో తీరు. ఎండలు ముదిరితే మా అక్క కడిగిన వేర్లను గుప్పెడు గుడ్డలో మూటకట్టి నీళ్ల కుండలో వేసేది. ఆ నీళ్లు తాగినవాడికి ఫ్రిజ్ నీళ్లు గొంతు దిగవు. కిటికీకి వేర్ల తడిక కట్టి మధ్యాహ్నం పూట నీళ్లు చల్లేది. వడగాలి అందులోంచి దూరి వచ్చేసరికి పొగరు దిగి వచ్చేది. చీరల పెట్టెలో నాలుగు పోగులు వేస్తే పురుగు రాదు. ఆ తడికలన్నీ మా బావే అల్లేవాడు. పొద్దున ఒకడి పళ్లు రాలగొట్టిన చేతులతో సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఒక్కో పోగు తెగకుండా చిక్కు తీసి దారంతో కుట్టేవాడు. నేను చూశాను.

మా నాయిన నాలుగెకరాల్లో సగం అక్కకు పసుపుకుంకుమ కింద రాశాడు. ఎగువ రెండెకరాలు బావవి, కింది రెండెకరాలు నావి. నడుమ గెట్టు. గెట్టంటే హద్దు గట్టు. మా ఊళ్లో హద్దు పంచుకుంటే దాని మీద వట్టివేరు నాటేవాళ్లు. రాయి పాతితే ఎవడైనా జరుపుతాడు. వట్టివేరు దుబ్బు జరగదు. పెట్టినచోటే లావెక్కుతుంది, పక్కకు పాకదు, గింజ రాలి మొలవదు. వేరు నిలువునా ఇద్దరు మనుషుల లోతు దిగి మన్నును పట్టుకుంటుంది. గొడ్డు మేసినా, నిప్పు పెట్టినా మళ్లీ లేస్తుంది. నాటడానికి కూడా ఒక పద్ధతి ఉంది. హద్దుకు అటొకరు ఇటొకరు ఎదురెదురుగా కూర్చోవాలి. గుంతకు ఒకటే పిలక. దాన్ని ఇద్దరూ చెరో చేత్తో పట్టుకుని పెట్టాలి, ఇద్దరూ మన్ను తొక్కాలి. రేపు ఎవడూ ఈ హద్దు నాకు తెలియదనకుండా.

మేం అట్లాగే నాటాం. నాకప్పుడే మీసాలు వస్తున్నాయి. మా బావ గుంతగుంతకూ నా వేళ్ల మీద మన్ను కుక్కుతూ, "గట్టిగ పట్టు బే. పెండ్లిపిల్ల చెయ్యి పట్టినట్టు పడ్తున్నవేంది" అని తిట్టాడు.

అమ్మకానికి ఆయన వాగు ఒడ్డున ఇసుక చెలకలో, అంటే మెట్ట నేలలో, విడిగా పెంచేవాడు. ఇసుకలోనైతే వేరు తెగకుండా పొడుగ్గా ఊడివస్తుంది. "అమ్ముకునేది ఇసుకల పెట్టు. గెట్టు మీదిది ముట్టకు" అని నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. తవ్వి, కడిగి, నీడన ఆరబెట్టి, మిర్యాలగూడలో నూనె తీసే బట్టీకి తీసుకుపోయేవాడు. ఒకసారి నన్నూ వెంట తీసుకుపోయాడు. ముక్కలు కొట్టిన వేర్లను నానబెట్టి పెద్ద రాగి డేగిశాలో పోస్తారు. మూత చుట్టూ పిండిముద్ద మెత్తి, సన్నమంట మీద ఒక రోజుకు పైనే కాస్తారు. ఆవిరి గొట్టం దాటి చల్లబడ్డాక, నీళ్లతో కలిసి నూనె బొట్టు బొట్టుగా దిగుతుంది. ఆ బట్టీవాడికి తొందరెక్కువ. కట్టెలు ఎగదోశాడు. మా బావ లేచి చెంప మీద ఒకటిచ్చాడు. వాడు కట్టెల మీద పడ్డాడు.

"మంట పెంచితే నూనె మాడుతది. కమురు వాసన పట్టిచ్చి నా పేరు చెడగొడ్తవా?"

వాడు చెంప రుద్దుకుంటూ, "నీ తలకాయ కింద గూడ జర మంట తగ్గియ్యి పెద్దమనిషీ" అన్నాడు.

మా బావకు నవ్వొచ్చింది. మండే కట్టెలు తానే బయటికి లాగి, పొయ్యి ముందు నుంచి మర్నాటి దాకా లేవలేదు. దిగిన నూనెను నా ముక్కు కాడ పెట్టి చెప్పాడు: "ఇప్పుడు పచ్చివాసన. సీసాల ఏండ్లు గడవనీ, గప్పుడు సూడు. మనిషి లెక్కనే ఇది గూడ. ముదిరితే గాని మంచిగ గాదు."

ఇప్పుడు నా తప్పు రాస్తాను. దాచను.

పదిహేనేళ్ల కింద ఆ బట్టీవాడే ట్రాలీ ఆటో వేసుకుని మా ఊరికి వచ్చాడు. వేర్లు దొరకడం లేదు, ఎన్నున్నా తీసుకుంటానన్నాడు. నాకు ఇసుక చెలక లేదు. గెట్టు మీద మాత్రం నలభై ఏళ్లు దాటిన దుబ్బులున్నాయి. ప్రతి పిలకా ఇద్దరం చెరో చేత్తో పెట్టిందే కదా, సగం నాదే కదా అనుకున్నాను. బావ సూర్యాపేటలో చుట్టాల పెళ్లికి పోయి నాలుగు రోజులు అక్కడే ఉన్నాడు. నేను గెట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా, దుబ్బుల నడుమ నుంచి దారం కట్టాను. దారానికి నా వైపున్న సగాన్ని గడ్డపారతో చీల్చి తవ్వుకున్నాను. ఆయన సగం మీద గీత కూడా పడనియ్యలేదు. పైగా గర్వం. ఇంత న్యాయంగా ఎవడు తవ్వుతాడని.

అయిదో రోజు వంగి ఆఖరి దుబ్బు పెకిలిస్తుంటే వెనక నుంచి వాసన వచ్చింది. అప్పుడే తవ్విన వేరు పచ్చిగా వాసనేస్తుంది. ఇది ముదిరిన నూనె వాసన. తల తిప్పేలోపే దెబ్బ పడింది. ఎముక విరిగిన చప్పుడు నా చెవులకు వినిపించింది. పడ్డాక డొక్కలో తన్నాడు, రెండుసార్లు.

"సగం నాది బావా! దారం కట్టి తీసిన, సూడు! నీది ముట్టలే!"

"సగం గోడ నిలబడ్తదారా? సగం మనిషి నిలబడ్తడా? సూపిస్త ఉండు, నిన్ను సగం జేసి సూపిస్త!"

మళ్లీ కర్ర ఎత్తాడు. మా అక్క చేలోంచి ఉరికొచ్చి నాకు అడ్డం పడింది. మొగుణ్ణి తిట్టలేదు, నన్ను తిట్టలేదు.

"కొట్టు. మీ ఇద్దర్ల ఎవలు సచ్చినా ఏడ్సేది నేనే. ఒక్కపారే కానియ్యి, నాకు గూడ పని తీరుతది."

ఆయన కర్ర విసిరేశాడు. నేరుగా ఠాణాకు పోయి, "మా బామ్మర్ది చెయ్యి ఇరగ్గొట్టిన. రాసుకోండ్రి సారూ" అన్నాడట. బావ కొట్టాడని కేసు పెట్టేంత లేకివాణ్ణి కాను. పెట్టలేదు. సూర్యాపేట దవాఖానలో చేతికి పిండికట్టు వేశారు. ఊళ్లో పంచాయితీ కూర్చుంది. పెద్దమనుషులు బావను తప్పయిందని చెప్పమన్నారు.

"చెప్త. చెయ్యి రెండు నెలలకు అతుకుతది. గెట్టు ఎన్నడు అతుకుతదో గాణ్ణి చెప్పమనుండ్రి" అని తువ్వాల దులుపుకుని లేచిపోయాడు.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. వేర్లను బస్తాల్లో కుక్కి బట్టీవాడికి కబురు పెట్టాను. వాడు ఆటో తెస్తే మా బావ ఊరి మొదట్లోనే ఆపి ముందరి అద్దం గడ్డపారతో పగలగొట్టాడు. వాడు మళ్లీ రాలేదు. బస్తాలన్నీ నా కొట్టంలోనే ఉండిపోయాయి.

శ్రావణంలో ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున ఎగువ చెరువు నిండి అలుగు దుంకింది. నీళ్లు బావ మళ్లను ముంచి గెట్టు మీదికి ఎక్కాయి. సగం కోసిన దుబ్బులకు నా వైపు పట్టు లేదు. ఒక్కొక్కటే వెల్లకిలా పడ్డాయి. గండి పడింది. మొదట మనిషి పట్టేంత, చూస్తుండగానే బండి పట్టేంత. బావ పొలంలో మన్ను, నా పొలంలో వరినాటు, రెండూ కలిసి వాగులోకి ఉరుకుతున్నాయి. ఇంకో పూట అట్లాగే ఉంటే ఆ నాలుగెకరాల్లో రాళ్లు తప్ప ఏం మిగిలేది కాదు.

నేను కొట్టం కాడికి పరుగెత్తాను. అక్కడ మా బావ గడ్డపారతో తాళం పగలగొట్టి నా బస్తాలు బయటికి ఈడుస్తున్నాడు.

"ఒరేయ్ దొంగా! నా యేర్లురా అవి!"

ఆయన వినలేదు. బస్తాలో రెండు రాళ్లు వేసి, మూతి బిగించి, భుజాన వేసుకుని గండిలోకి దిగాడు. నేను బర్రెను కట్టే కట్టుగొయ్య పెరికి వెనకే దిగాను. కుడిచేత్తో తల మీద కొట్టాను. బలంగానే కొట్టాను, అబద్ధమెందుకు. తల పగిలింది. రక్తం కంటి మీదుగా గడ్డంలోకి కారింది. మా బావ మెల్లగా తల తిప్పి చూశాడు.

"కొట్టినవా? అయిపాయెనా? ఇగ ఈ కొస పట్టుకో."

పట్టుకున్నాను.

నడుములోతు నీళ్లు కాళ్లను లాగేస్తున్నాయి. ఒక బస్తా వేస్తే కొట్టుకుపోయింది. రెండోది పోయింది. మూడోది పడిపోయిన దుబ్బుకు తట్టుకుని ఆగింది. వేర్ల పీచుకు ఒక గుణముంది. నీళ్లను పోనిస్తుంది, మన్నును పోనియ్యదు. రాళ్లు మాత్రమే వేస్తే నీళ్లు పక్క నుంచి కోసేవి. బస్తాల మీద మాత్రం మన్ను పేరుకుంటూ వచ్చింది. మా బావ ఒక్కో బస్తాకూ నన్ను, నా పుట్టుకను, మా నాయినను, ఆ నాలుగెకరాలు పంచిన ముహూర్తాన్ని తిట్టాడు. నేనూ తిట్టాను. పడ్డాను, లేచాను. నా పిండికట్టు కరిగి తెల్లగా నీళ్లలో పోయింది. చెయ్యి విరగ్గొట్టింది ఆయనే గానీ, ఆ వంకర మాత్రం నా సొంతం. ఆ పూట అక్కడ దిగకపోతే చెయ్యి చక్కగానే అతికేది.

వాసన సంగతి చెప్పాలి. వారాల పాటు ఎండిన వేర్లు అన్ని బస్తాలు ఒక్కసారి తడిశాయి. ఎర్రటి వరద, అందులో కొట్టుకొచ్చే పాములు, చచ్చిన కోళ్లు, మా బావ తల నుంచి కారే రక్తం. వాటన్నిటి మీదా మా అక్క కుండలో నీళ్ల వాసన. ఊపిరాడనంత చల్లని వాసన. నన్ను చంపాలని కొట్టినవాడూ నేను చంపాలని కొట్టినవాడూ ఒకడే, వాడి ఊపిరి నా మొహం మీద తగులుతోంది, ఇద్దరం ఒకే బస్తా మోస్తున్నాం. వాగు కిందనున్న ఊరివాళ్లు తరవాత అన్నారు, "ఆ దినం వాగు షర్బత్ లెక్క వాసనొచ్చింది" అని. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గండి మూతపడింది.

మా అక్క గట్టు మీద కూర్చోబెట్టి ఆయన తలకు పసుపు అద్దుతూ, "ఎవడు కొట్టిండు?" అని అడిగింది.

"దూలం తాకింది" అన్నాడు మా బావ.

పొలంలో దూలమెక్కడిదని ఆమె అడగలేదు. నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. నా బతుకులో మనిషి ముందు తల వంచింది ఆ ఒక్కసారే.

వారం తిరిగాక ఆయన ఇసుక చెలక నుంచి పిలకలు తెచ్చుకుని గెట్టు మీద కూర్చున్నాడు. నన్ను పిలవలేదు. ఒక పిలక గుంతలో పెట్టి, దాన్ని పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. ఎంతసేపు చూసినా మన్ను వెయ్యడు. నేను పోయి ఎదురుగా కూర్చుని చెయ్యి పెట్టాను. ఆఖరి గుంత దాకా అట్లాగే నాటాం. ఆ తరవాత కూడా కొట్టుకున్నాం. నీళ్ల వంతు కాడ, నా బర్రె ఆయన వరి మేసినకాడ. కానీ ఆ గండి సంగతి ఆయన ఏ పంచాయితీలోనూ ఎత్తలేదు. నా గెలుపు మాటలన్నీ ఒక పక్క, ఆయన నోరు మూసుకున్న ఆ ఒక్కటీ ఒక పక్క. దానికి నేను ఆయనకు దండం పెడుతున్నాను. బతికుండగా పెట్టలేదు.

శవానికి నీళ్లు నేనే పోశాను. చొక్కా జేబులో సీసా ఉంది, అడుగున నాలుగు చుక్కలు. చెవి వెనక ఒక చుక్క రాశాను. "ఇప్పుడెందుకు గది?" అన్నారు ఎవరో. పోయేచోట ఎవరితో కొట్లాట పడుతుందో ఎవరికి తెలుసు. ఊరికే పంపబుద్ధి కాలేదు.

ఆరో రోజు ఆదివారం. పొద్దున్నే పొలం వైపు జేసీబీ చప్పుడు వినిపించింది. పోయి చూస్తే మా మేనల్లుడు దాన్ని గెట్టు మీదికి తోలిస్తున్నాడు. వాడపల్లి కాడ సిమెంటు పనిలో ఉంటాడు వాడు, సేద్యం చెయ్యడు. కౌలుకు తీసుకునేవాడు నా పొలం కూడా కలిపి రెండూ ఒకటే మడిలా ఉంటే కోత మిషన్ బాగా తిరుగుతుందన్నాడట. నన్ను అడిగింది లేదు.

నేను జేసీబీకి అడ్డం నిలబడ్డాను.

"మామా, జరుగు. గడ్డి కోసం లొల్లి పెట్టకు."

"గడ్డి కాదురా, నీ మన్ను పట్టుకున్న చెయ్యి అది. తీస్తే మొదటి వానకు నీ రెండెకరాలు వాగుల ఉంటయ్."

"నాయిన పోయిండు. ఇగ నీ పెత్తనం ఏందో నాకర్థమైతలేదు."

చేతికర్రతో వాడి మోకాలి కింద కొట్టాను. వాడు అమ్మో అని వంగి, లేచి నా రొమ్ము మీద రెండు చేతులతో నూకాడు. వెల్లకిలా దుబ్బుల్లో పడ్డాను. ఆకు అంచులకు చెంప కోసుకుపోయింది.

"నాయిన నిన్నెందుకు కొట్టిండో ఇప్పుడు తెలిసింది. కొట్టాల్సినోనివే నువ్వు!"

"మీ నాయిన కొడితే ఎముక ఇరిగింది. నువ్వు నూకితే గడ్డి మీద పడ్డ. గంతే నీ బలం. ఇంకోటి కొట్టు, సూస్త."

జేసీబీ నడిపే అతను కోదాడ అవతలివాడు. పైనుంచే అన్నాడు, "తాతగారూ, లేచి పక్కకు రండి. మీ గొడవలో నాకు కేసు చుట్టుకుంటది." అల్లుడు అతని మీద అరిచాడు, కానియ్యమని. మన్ను తవ్వే ఇనుప తొట్టి కిందికి దిగింది. నా పాదాలకు బారెడు దూరంలో, మోకాలెత్తున ఆగింది. నేను లేవలేదు. లేవలేకపోయాను కూడా.

అప్పుడు మా అక్క వచ్చింది. మొగుడు పోయిన ఆడది పదకొండో రోజు దాకా గడప దాటకూడదు. ఎనభై ఏళ్ల మనిషి, చెప్పులు లేకుండా, పొలం గట్ల వెంట ఒక్కతే నడిచి వచ్చింది. కొడుకును చూడలేదు. నా చెంప మీది రక్తం చూసింది గానీ ఆగలేదు. నేరుగా తొట్టి కాడికి పోయి, రెండు చేతులతో ఇనుప పళ్లు పట్టుకుని, వెనక్కి తిరిగి ఎక్కి కూర్చుంది.

"అవ్వా, ఏందే ఇది! దిగు!" అని కొడుకు ఉరికాడు.

"దిగ. నువ్వు నడిపిచ్చుకో."

"అమ్మగారూ, దిగండమ్మా. ఎక్కడన్నా జారిందంటే ప్రాణం పోద్ది" అన్నాడు పైనున్న అతను.

"పోతే పోనియ్యి బిడ్డా. ఎట్లనన్న ఇంటి నిండ చుట్టాలున్నరు, రెండోపారి పిల్వక్కర్లే."

అతను తాళం చెవి తిప్పాడు. ఇంజను ఆగిపోయింది. కిందికి దిగి, మొహం తుడుచుకుని, రోడ్డు మీది చాయ్ హోటల్ వైపు నడిచిపోయాడు. అల్లుడు నిలబడి నిలబడి గట్టు మీద కూలబడ్డాడు, తలకాయ మోకాళ్లలో పెట్టుకుని.

మా అక్క ఇనుప తొట్టిలో కొంగు సర్దుకుని కూర్చునే ఉంది. పొట్టి మనిషి, కాళ్లు నేలకు అందడం లేదు. గాలికి వట్టివేరు ఆకుల కొనలు లేచి ఆమె పాదాలకు తగులుతున్నాయి.